రెండో సిట్టింగు

దండాసి మళ్లీ వచ్చాడు, నాలుగు నెలలకి.
కుడి దవడ కింద ఉసిరికాయంత వాపు,
జేబులో సగం మింగిన మాత్రల అట్ట.
"నొప్పి పోనాది గదమ్మా, మరెందుకు రావడమనీ..."
మాట సగంలోనే దవడ పట్టుకున్నాడు.

రాయగడ కాగితం మిల్లులో వెదురు దించే మనిషి.
నాతో "సలుపు" అంటాడు,
మినతితో "బింధుచి" అంటాడు.
పంటికి రెండు భాషలూ వచ్చు.

ఎక్స్‌రే కిటికీ వెలుగుకి ఎత్తాను.
వేరు కొసన నల్లమచ్చ
అప్పుడు పెసరగింజ,
ఇప్పుడు శనగగింజ.

చదువుకునే రోజుల్లో
పంటిలో కాలువంటే కాలువే అనుకున్నాను,
గట్లు కట్టి, తిన్నగా తవ్వినది.
ఇక్కడికొచ్చాక వేసవిలో నాగావళిని చూశాను.
నడిమి పాయ ఎండిపోయినా
బండల సందుల్లో, ఇసక అడుగున
ఏవో బతకడానికి సరిపడా చెమ్మ.
నా ఫైలు పోయేది నడిమి పాయలోకే.
వాటి కాపురాలన్నీ పక్కపాయల్లో.

"నొప్పి అనేది నరం మోసుకొచ్చే కబురు, దండాసీ.
నరం చచ్చింది. కబురు మోసేవాడు లేడు.
కబురు లేదని ఊరు చల్లగా ఉన్నట్టా?"

మరి మాత్రలో, అన్నాడు.
"మాత్ర రక్తంలో ప్రయాణం చేస్తుంది.
చచ్చిన వేరులోకి రక్తం పోదు.
రోడ్డు లేని ఊరికి బస్సు వేసినట్టు."

తల దించుకున్నాడు,
తప్పంతా తనదే అన్నట్టు.
ఆ దించిన తల చూసి ఊరుకోలేకపోయాను.

మొదటి సిట్టింగు నాడు రబ్బరు తెరలు అయిపోయాయి.
విజయనగరం నుంచి పార్సిల్ రాలేదు.
బయట బెంచీ నిండా జనం.
దూది ఉండలు కుక్కి కానిచ్చేశాను.
దూది ఎంతసేపు ఆపుతుంది ఉమ్మిని?
నేను కడుగుతున్న ఇంటికి
నేనే వీధి తలుపు తీసిపెట్టాను.

ఆ మాటే చెప్పాను, పైకి.
మినతి నావైపు అదోలా చూసింది.
దండాసి నవ్వబోయి, నొప్పికి ఆగి,
"సర్లెండమ్మా,
ఇద్దరం కలిసే పెంచినాం వాటిని."

ఇవాళ ఆకుపచ్చ తెర బిగించాను.
చిల్లులోంచి ఒక్క పన్నే పైకి,
వరదలో మిగిలిన మిట్టలా.
పాత సిమెంటు లేపగానే వాసన.
కిటికీ తియ్యమని నేను చెప్పను,
మినతి తియ్యదు.

తరవాత బ్లీచింగు నీళ్లు,
పక్కచిల్లు సూదితో, చుక్కలు చుక్కలుగా.
తొందరపడితే వేరు దాటి ఎముకని కాలుస్తాయి.
పోయడం, పీల్చడం, మళ్లీ పోయడం.
ఇందులో తెలివేమీ లేదు. ఓపిక.

కరెంటు పోయింది.
లోపల ఆటోక్లేవ్ మూలిగి ఆగింది.
ఇంకా నాలుగు నిమిషాలే ఉందక్కా, అంది మినతి.
తనే మళ్లీ, "మొదట్నించీ పెడతాను."

ఫోను వెలుగులో కాగితపు పుల్లలతో వేరు తుడిచాను.
మొదటిది ఎర్రగా, రెండోది గులాబీగా,
అయిదోది పొడిగా.
"ఇదీ కాగితమే" అని చూపించాను.
తెర వెనక నోరు తెరుచుకునే ఉంది,
కళ్లతో అడిగాడు, మా వెదురా అని.
ఏమో, దండాసీ.

చివరికి సున్నం.
నువ్వు ఖైనీలో నలిపే సున్నానికి దగ్గర చుట్టమే,
ఇక్కడ మాత్రం కాపలా ఉద్యోగం.
పదిహేను రోజులు లోపల కూర్చుని
నా చెయ్యి పోని సందుల్లో
వాటికి ఊపిరాడకుండా చెయ్యాలి.
అన్నీ చస్తాయని మాటివ్వలేను.
కొన్ని మొండివి, ఆకలికి ఓర్చుకుంటాయి.

చీటీ మీద తారీకు రాశాను,
ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఒరియాలో.
నొప్పుంటే ఎలాగూ వస్తావు.
లేకపోతేనే, తప్పకుండా రా.

పదిహేనో రోజు. గురువారం. వాన.
పార్వతీపురం బస్సు వెళ్లిపోయింది.
కుర్చీకి కొత్త కవరు తొడిగి
మినతి తలుపు వైపు చూస్తోంది.